కత్తెర పట్టే ముందు కార్తె చూడండి: పెరటి చెట్ల కొమ్మలు ఎప్పుడు, ఎలా కత్తిరించాలి

మా పెరట్లో ఒక బంగినపల్లి మామిడి ఉంది. ఒక ఏడాది దీపావళి వెళ్లాక ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నాం. షామియానాకు అడ్డం వస్తున్నాయని డాబా మీదికి వాలిన కొమ్మలన్నీ కొట్టించాను. కార్తీక మాసం, చల్లటి గాలి, ఎండ తీవ్రత లేదు, ఇదే మంచి అదను అనుకున్నాను. నెల తిరక్కుండానే కొట్టిన చోటల్లా ఎర్రటి లేత ఇగురు గుత్తులుగా వచ్చింది. చూడ్డానికి ముచ్చటేసింది కూడా. సంక్రాంతి వచ్చేసరికి వీధిలో ఉన్న మామిడి చెట్లన్నీ పూతతో నిండిపోయాయి. మా చెట్టుకు డాబా వైపు ఆకు తప్ప ఒక్క పూత కంకి లేదు. కత్తి పడని తూర్పు వైపు కొమ్మలు మాత్రం విరగబూశాయి. అదే చెట్టు, అదే నీరు, అదే ఎరువు. సగం పూసింది, సగం పూయలేదు. కాని నెలలో కొట్టినందుకు ఒక ఏడాది కాపు సగం పోయింది.

ఆ తర్వాత తోటల రైతులను అడిగి, నా చెట్ల మీద చూసుకుని, తేదీలు రాసుకుంటూ నేర్చుకున్నది ఇక్కడ చెప్తున్నాను. ముందుగా ఒక మాట. ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కువగా దొరికే సలహా "చలికాలంలో చెట్టు నిద్రలో ఉన్నప్పుడు కత్తిరించండి" అని. అది మంచు పడే దేశాల్లో ఆపిల్, పీచ్, ప్లమ్ పెంచేవాళ్ల కోసం రాసిన మాట. అమెరికాలో పెరడు ఉన్న మనవాళ్లు అక్కడి చెట్లకు అది పాటించాల్సిందే. మన మామిడికి చలికాలం నిద్ర కాలం కాదు, పూత కట్టే కాలం. మన రేగు చెట్టు చలికాలంలో కాయలు మోస్తూ ఉంటుంది, నడి వేసవిలో ఆకు రాల్చి నిద్రపోతుంది. కాబట్టి మన దగ్గర అన్ని చెట్లకూ కలిపి ఒకే నెల చెప్పడం కుదరదు. ఏ చెట్టుకు ఆ చెట్టు లెక్క వేరు. ఆ లెక్క వేయడం కష్టమేమీ కాదు.

మొదటి పని: కాయ ఏ కొమ్మకు వస్తుందో చూడండి

చెట్టు దగ్గరికి వెళ్లి ఒక కొమ్మ చివరను చేతిలోకి తీసుకోండి. పూత పాత కొమ్మ చివర వస్తుందా, అప్పుడే పుట్టిన లేత కొమ్మకు వస్తుందా? కత్తిరించే కాలం చాలావరకు ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

మామిడి మొదటి రకం. వానాకాలంలో పుట్టిన రెమ్మ నాలుగైదు నెలలు ముదిరి, ఆకు గట్టిపడి ముదురాకుపచ్చకు తిరిగాక, దాని కొసన పూత వస్తుంది. లేత రెమ్మకు రాదు. ఒక మామిడి రెమ్మను కొస నుంచి కిందికి వేలితో తడుముతూ రండి. జానెడు, జానెడున్నర దూరంలో దగ్గర దగ్గరగా గీతలతో ఒక కణుపు గుత్తి వేలికి తగులుతుంది. ఒక విడత ఇగురు ఆగి, తర్వాతి విడత మొదలైన చోటు అది. ఆ కణుపుకు పైనున్న భాగమే చివరి విడత ఇగురు. అక్టోబర్‌లో చూసినప్పుడు ఆ భాగం గట్టిగా, ఆకు మడిస్తే చిట్లేలా ఉంటే ఆ రెమ్మ పూతకు తయారవుతోందని అర్థం. ఆకు ఇంకా రాగి రంగులో, పట్టుగుడ్డలా మెత్తగా వేలాడుతుంటే ఈ ఏడాది దాని మీద ఆశ తక్కువే.

జామ, రేగు, సీతాఫలం, మల్లె రెండో రకం. వీటికి కొత్త రెమ్మ పుడితేనే పూత. జామ రెమ్మ బయటికి వచ్చాక మూడు నాలుగు జతల ఆకులు విప్పేలోపే ఆకు చంకలో మొగ్గ కనిపిస్తుంది. అంటే కత్తిరింపే పూతను పిలుస్తుంది. ఎప్పుడు కత్తిరిస్తే దాన్నిబట్టి కాపు వస్తుంది.

ఈ రెండు సంగతులనూ ఒకే మొక్కలో చూడాలంటే ద్రాక్ష తోటకు వెళ్లాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించినవాళ్లు ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్లు. వేసవి కత్తిరింపు మంచి కొమ్మ కోసం, అక్టోబర్ కత్తిరింపు గుత్తి కోసం. కత్తెర ఒకటే, తీగ ఒకటే. నెల మారితే ఫలితం మారిపోతుంది.

రెండో పని: పూత నెల నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మొదటి రకం చెట్టయితే పూత నెల నుంచి కనీసం ఐదు నెలలు వెనక్కి వెళ్లండి. మామిడి డిసెంబర్, జనవరిలో పూస్తుంది. వెనక్కి లెక్కేస్తే జూలై వస్తుంది. కాయ కోత మే, జూన్‌లో అయిపోతుంది. కోతకూ ఈ గడువుకూ మధ్య దొరికే నాలుగైదు వారాలే మామిడికి కత్తిరింపు కాలం.

రెండో రకం చెట్టయితే మీకు కాయ ఏ నెలలో కావాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి. జామకు పూత నుంచి పండు దాకా నాలుగైదు నెలలు. కార్తీక, మార్గశిర మాసాల్లో పండు కావాలంటే జూన్, జూలైలో పూత రావాలి. దానికి మే నెలలో కత్తెర పడాలి.

మూడో పని: ఆకాశం చూడండి

లెక్క ప్రకారం నెల సరిపోయినా ఆ రోజు వాతావరణం కుదరాలి. ముసురు పట్టిన రోజుల్లో కొమ్మ కోయకండి. తడి గాయంలోకి బూజు తెగుళ్లు తేలిగ్గా దిగుతాయి. నిమ్మ, బత్తాయి, దానిమ్మలకు బాక్టీరియా తెగుళ్లు వాన చినుకుతోనే ఆకు నుంచి ఆకుకు, గాయం నుంచి గాయానికి పాకుతాయి. కోసిన తర్వాత మూడు నాలుగు రోజులు వాన లేని అదను చూసుకోండి. వానాకాలంలో అలాంటి వరప్పు రోజులు వస్తూనే ఉంటాయి, ఫోన్‌లో వాతావరణం చూసుకుంటే చాలు.

ఎండ సంగతీ అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఏళ్ల తరబడి ఆకుల నీడలో ఉన్న మామిడి కొమ్మను అలాంటి ఎండకు ఒక్కసారిగా బయటపెడితే బెరడు మాడి, పగిలి, ఆ పగుళ్లలో పురుగు చేరుతుంది. తప్పనిసరై వేసవిలో పెద్ద కొమ్మ తీయాల్సి వస్తే, కొత్తగా ఎండ పడే కొమ్మలకు, మొదలుకు సున్నం కొట్టండి.

ఇక చెట్టు చెట్టుకూ చెప్పుకుందాం.

మామిడి

కాయ కోత పూర్తయిన వెంటనే మొదలుపెట్టండి. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది, అప్పటికి బంగినపల్లి కోత అయిపోయి, తొలకరి పడి, నేల మెత్తబడి ఉంటుంది. అక్కడి నుంచి పుష్యమి కార్తె ముగిసేలోపు, అంటే ఆగస్టు మొదటి రోజుల్లోపు, పని ముగించండి. తోతాపురి లాంటి ఆలస్యపు రకాలకు కోతే జూలై దాకా సాగుతుంది కాబట్టి కోసిన వారంలోనే కత్తెర పట్టండి. అక్కడ ఇక ఆగడానికి వ్యవధి లేదు.

ఏం తీయాలి? ముందు ఎండు పుల్లలు. తర్వాత ఒకదానికొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది. తర్వాత చెట్టు నడిబొడ్డున నిటారుగా పైకి పోయే కొమ్మలు ఒకటి రెండు. ఇవి తీసేసరికి గొడుగు మధ్యలో కిటికీ తెరిచినట్టు వెలుతురు దిగుతుంది. మధ్యాహ్నం చెట్టు కింద నిలబడి చూడండి. నేల మీద అక్కడక్కడా రూపాయి బిళ్లల్లా ఎండ పడుతుంటే చాలు, అంతకు మించి తీయకండి. చివరగా, కాయలు కోయగా మిగిలిన ఎండు పూత కాడలను జానెడు లోపలికి కత్తిరించండి. చాలామంది వదిలేసే పని ఇది. కానీ పక్క ఏడాది పూత మోసే రెమ్మ చాలావరకు ఇక్కడి నుంచే పుడుతుంది. పెరటి చెట్టు కాబట్టి నిచ్చెన వేసుకుని చేతికి అందినంత మేర చేసినా ఫలితం కనిపిస్తుంది.

ఒక ఏడాదిలో చెట్టు గుబురులో నాలుగో వంతు కన్నా ఎక్కువ తీయొద్దు. ముప్పై నలభై ఏళ్ల పెద్ద చెట్టును కిందికి దించాలంటే మూడేళ్ల పథకం వేసుకోండి. ఒక్కసారిగా నరికితే చెట్టు ప్రాణం కాపాడుకోవడానికి ఇగురు మీద ఇగురు వేస్తుంది, రెండు మూడేళ్లు కాపు మర్చిపోవాల్సిందే.

పొద్దున్నే కోసేటప్పుడు సొన జాగ్రత్త. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. చర్మం మీద పడితే మచ్చ కట్టి వారాల దాకా వదలదు.

ఆ గడువు దాటాక మామిడి మీద కత్తెర వద్దు. అక్టోబర్ నుంచి నీళ్లు కూడా ఆపేయండి. నీళ్లు పెడితే చెట్టు పూతకు బదులు ఆకు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు పెట్టండి.

జామ

జామ చెట్టు వదిలేస్తే దాదాపు ఏడాదంతా ఏదో ఒక కాయ కాస్తూనే ఉంటుంది. అందులో వానాకాలం కాయ నీరుకారుతూ చప్పగా ఉంటుంది, పండు ఈగ పొడిచి లోపల పురుగు పడుతుంది. చలికాలం కాయ గట్టిగా, తియ్యగా, వాసనతో ఉంటుంది. పెరట్లో నాలుగు జామకాయలు తిందామని పెంచుకున్న చెట్టు కాబట్టి నా సలహా ఒకటే. వానాకాలం కాపు వదులుకోండి, చలికాలం కాపు తీసుకోండి.

దానికి ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరులోపు, కొత్త రెమ్మల్లో సగం పొడవు కత్తిరించండి. అప్పటికే వాటి మీద పూత, చిన్న పిందెలు ఉంటాయి. పిందె ఉన్న కొమ్మను కోయడానికి చెయ్యి రాదు, నాకూ మొదటిసారి రాలేదు. మా పక్కింటి పెద్దమ్మగారైతే "పిందె మీద కత్తెర పెడతావా, పాపం కాదూ" అని గోడ అవతల నుంచే కేకేసింది. డిసెంబర్‌లో ఆవిడకు ఒక సంచీడు కాయలు ఇచ్చాను. తర్వాతి మే నెలలో ఆవిడే పిలిచి తన చెట్టుకు కత్తెర పట్టమంది.

పుల్లలు కోసేది కూడా జాగ్రత్తగా చూసి కోయండి. పెన్సిల్ మందం దాటని రెమ్మలకే సగం కత్తిరింపు. మొదలు దగ్గర వేళ్ల నుంచి లేచే పిలకలను ఎప్పుడు కనిపిస్తే అప్పుడు లాగేయండి.

నిమ్మ, బత్తాయి

ఇక్కడ భయపడాల్సింది గజ్జి తెగులుకు. కాయ మీద, ఆకు మీద, పుల్ల మీద తుప్పు రంగు గరుకు మచ్చలు కనిపిస్తే అదే. అది వాన తడిలో వ్యాపిస్తుంది కాబట్టి వానల్లో నిమ్మను కదపొద్దు. వానలు పూర్తిగా వెనకబట్టాక గజ్జి పట్టిన పుల్లలను, ఎండు పుల్లలను ఏరి కోసి తగలబెట్టండి. తెలంగాణలో అది డిసెంబర్‌కే కుదురుతుంది. నెల్లూరు, గూడూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబర్‌లోనూ పడతాయి కాబట్టి అవి తగ్గేదాకా ఆగండి. కోసిన రోజే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చెట్టంతా తడిచేలా కొట్టండి.

నిమ్మను గట్టిగా కత్తిరించొద్దు. ఎక్కువ కోస్తే ఎక్కువ లేత ఇగురు వస్తుంది. ఆ లేత ఆకుల్లో వెండి గీతలు గీసే పురుగు దూరుతుంది, అది తొలిచిన దారుల్లో మళ్లీ గజ్జి దిగుతుంది. ఎండు పుల్ల, రోగం పుల్ల, నీటి కొమ్మ, ఈ మూడే తీయండి. కాండం మీద నుంచి కర్రలా నిటారుగా లేచి, పెద్ద ఆకులూ పెద్ద ముళ్లతో కాయ లేకుండా ఎదిగేది నీటి కొమ్మ. లేతగా ఉన్నప్పుడు బొటనవేలితో పక్కకు నొక్కితే మొదలంటా ఊడివస్తుంది, కత్తెర అవసరం కూడా ఉండదు.

అంటు కట్టిన బత్తాయి చెట్టయితే అంటు కింది నుంచి వచ్చే కొమ్మను ఏ కాలంలోనైనా తీసేయండి. అది అంటుకు వేరు మొక్కగా వాడిన రంగపూర్ నిమ్మో, జంబేరీయో అయి ఉంటుంది. వదిలేస్తే పైనున్న బత్తాయిని మింగేసి అదే చెట్టవుతుంది.

సీతాఫలం, రేగు, సపోటా

సీతాఫలం ఆకు రాల్చి మోడుగా నిలబడ్డప్పుడు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, కొత్త చిగురు కదలక ముందే కత్తిరించండి. ఎండు కొమ్మలకు, ఎండిపోయి నల్లబడి చెట్టునే వేలాడే కాయలకు అదే సమయం. ఆ నల్ల కాయల్లోనే పిండినల్లి దాక్కుంటుంది.

రేగుకు అన్నిటికన్నా గట్టి కత్తిరింపు కావాలి, అదీ ప్రతి ఏడాదీ. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు ఆకు రాల్చినప్పుడు నిరుటి కొమ్మలను సగానికి పైగా తెగ్గొట్టినా ఏమీ కాదు. తొలకరికి వచ్చే కొత్త కొమ్మలకే కాయ. వదిలేసిన రేగు చెట్టుకు కాయ ఏటేటా చిన్నదవుతుంది, ముళ్లు మాత్రం పెరుగుతాయి. రోహిణి ఎండలో కోయొద్దని పైన చెప్పిన మాట దీనికి వర్తించదు, ఇది ఎండకు పుట్టిన చెట్టు.

సపోటా జోలికి పెద్దగా పోకండి. నెమ్మదిగా పెరిగే చెట్టు, కోసింది మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. నేలను తాకే కొమ్మలు, ఎండు పుల్లలు తీస్తే సరిపోతుంది.

మల్లె, గులాబీ, కరివేపాకు, మునగ

మల్లెకు నవంబర్ నుంచే నీళ్లు తగ్గించి, డిసెంబర్ చివర నుంచి జనవరిలోపు నేల నుంచి అడుగున్నర ఎత్తులో పొదను కత్తిరించాలి. మిగిలిన ఆకు దూసేయాలి. తర్వాత పాదు తవ్వి ఎరువు వేసి నీళ్లు పెడితే ఎండాకాలం సాయంత్రాలు మొగ్గలే మొగ్గలు. మల్లె తోటలవాళ్లు ఈ ఆకు దూసే పనికి గొర్రెలను తోలతారు, ఇంట్లో మనకు చేతులే గతి. గులాబీని వానలు తగ్గిన అక్టోబర్‌లో కత్తిరిస్తే నెలన్నరకు పూలు.

కరివేపాకు చలికి కదలదు. డిసెంబర్‌లో కోస్తే మోడులా నిలబడిపోతుంది. మహాశివరాత్రి దాటాక, చలి విరిగాక నడుమెత్తున కొస తుంచండి, పక్క కొమ్మలు నాలుగైదు లేస్తాయి. నల్లటి పండ్లు కట్టే గుత్తులను పచ్చిగా ఉన్నప్పుడే తీసేయండి. అమెరికాలో, లండన్‌లో కుండీల్లో కరివేపాకు పెంచుకునేవాళ్లు కూడా చలికాలమంతా మొక్కను ఇంట్లో కిటికీ దగ్గర ఉంచి, పొద్దు పొడవై కొత్త చిగురు కదిలే వేళకే కత్తెర పట్టండి.

మునగ కొమ్మ పెళుసు, కాయ కోసేవాడి బరువుకే విరుగుతుంది. వేసవి కాపు అయ్యాక, గాలివానలకు ముందు, మే చివర్లో ఛాతీ ఎత్తుకు తెగ్గొట్టండి. నరికిన లావాటి కొమ్మలను మృగశిరలో నేలలో పాతితే అవే మొక్కలవుతాయి.

వేప, గానుగ, నీడ చెట్లు, కొబ్బరి

కాయ కోసం పెంచని చెట్లకు పూత లెక్క లేదు, గాలి లెక్క ఉంది. తొలకరి గాలివానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో ఇంటి మీదికి, కారు నిలిపే చోటికి వాలిన బరువు కొమ్మలను తగ్గించండి. కోస్తాలో ఉన్నవాళ్లు సెప్టెంబర్‌లో ఇంకోసారి చెట్టు చుట్టూ తిరిగి చూడండి. మన తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలోనే వస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఆ ఊరి పచ్చదనం ఒక్క రోజులో ఎలా నేలకూలిందో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. గుబురు పలచగా ఉంటే గాలి దూరి పోతుంది, దట్టంగా ఉంటే తెరచాపలా పట్టుకుని చెట్టును వేళ్లతో సహా పెకలిస్తుంది. అలాగని కొమ్మలన్నీ నరికి మొండెం చేయడం పరిష్కారం కాదు. మొండి నుంచి గుంపుగా లేచే కొమ్మలకు పట్టు ఉండదు, మరుసటి గాలికి ముందు అవే ఊడతాయి.

వేప గురించి ఒక విన్నపం. కొన్నేళ్లుగా వానాకాలం చివర్లో వేప కొమ్మలు కొసల నుంచి మాడినట్టు ఎండిపోతున్నాయి. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. చెట్టు చచ్చిపోయిందనుకుని మొదలంటా నరికించినవాళ్లను చూశాను, మనసు చివుక్కుమంది. అలా ఎండిన వేపల్లో చాలావరకు వేసవికి మళ్లీ చిగురించాయి. ఎండిన కొసలు మాత్రం పొడి రోజుల్లో తీయించి, ఉగాది దాకా ఆగండి. బెరడు మీద గోటితో గీకితే లోపల పచ్చగా ఉందంటే చెట్టు బతికే ఉంది.

కొబ్బరికి పచ్చి మట్టలు కొట్టించకండి. ఆ గాయాల వాసనకే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. వాటంతట అవే ఎండి వేలాడే మట్టలు తీస్తే చాలు.

కాలంతో పని లేనివి

ఎండు కొమ్మ, విరిగిన కొమ్మ, అంటు కింది పిలక, ఇవి కనిపించిన రోజే తీయాలి. ఇంకొకటి బదనిక. మామిడి కొమ్మల మీద వేరే రకం ఆకుతో గుబురుగా, పచ్చగా ఉండే మొక్క కనిపిస్తే అదే. మామిడి సారం పీల్చి బతుకుతుంది. దాని జిగురు పండ్లను పిట్టలు తిని, ముక్కు ఇంకో కొమ్మకు రాసి విత్తనం అంటిస్తాయి. అందుకే పండ్లు పండకముందే, అది పట్టిన చోటుకు అడుగు కిందికి కొమ్మను కోసేయాలి. బదనికను మాత్రమే పెరికితే వేరు కొమ్మలోనే ఉండి మళ్లీ మొలుస్తుంది.

కోత రోజు

ముందు చెట్టులోకి చూడండి. పిట్ట గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే మూడు నాలుగు వారాలు ఆగండి. కరెంటు తీగ దగ్గర కొమ్మయితే మీరు ముట్టుకోవద్దు, విద్యుత్ శాఖకు చెప్పండి. వీధి చెట్టయితే మున్సిపాలిటీని, చెట్టునే తీసేయాల్సి వస్తే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అధికారులను అడిగి అనుమతి తీసుకోండి.

వేలి మందం కొమ్మలకు కత్తెర, అంతకు మించితే రంపం. గొడ్డలి, మచ్చుకత్తి వద్దు, అవి కొమ్మను కోయవు, నలగ్గొడతాయి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు పదునును స్పిరిట్ గుడ్డతో తుడవండి.

మణికట్టు కన్నా లావైన కొమ్మకు మూడు కోతలు వేయాలి. మొదటిది మొదలుకు అడుగు దూరంలో, కింది వైపు నుంచి పైకి, మూడో వంతు లోతు. రెండోది దానికి నాలుగు వేళ్ల అవతల, పై నుంచి కిందికి. కొమ్మ బరువుకు అక్కడ విరిగి పడుతుంది, బెరడు చీరుకుంటూ కాండం దాకా రాదు. ఇప్పుడు మిగిలిన మోటును చూడండి. కొమ్మ కాండంలో కలిసేచోట ఉంగరంలా ఉబ్బు, దాని మీద ముడతలు కనిపిస్తాయి. మూడో కోత ఆ ఉబ్బుకు అంటీ అంటనట్టు బయట వేయాలి. ఉబ్బును కోసేస్తే గాయం పెద్దదై మూసుకోదు. మోటు మిగిలిస్తే అది కుళ్లి ఆ కుళ్లు లోపలికి దిగుతుంది. సరిగ్గా కోస్తే ఏడాదిలోగా చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా లోపలికి ముడుచుకుంటూ వస్తుంది.

బొటనవేలు లావు దాటిన గాయాలకు బోర్డో పేస్టు పూయండి. 1885 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్ష తోటల నుంచి ప్రపంచమంతా పాకిన మందు ఇది, ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, రెండూ ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కరిగించి, గుడ్డలో వడగట్టి కలపండి. ఆకాశం రంగు చిక్కటి పాలలా తయారవుతుంది. ఇనుప పాత్ర వాడొద్దు. కలిపాక ఒక ఇనుప మేకు నిమిషం సేపు ముంచి తీయండి. మేకు మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే తుత్తం ఎక్కువైనట్టు, ఇంకాస్త సున్నం నీరు కలపండి. మేకు మామూలుగా ఉంటే కుంచెతో పూసేయండి. ఏ రోజు చేసింది ఆ రోజే వాడాలి. పేడ, బురద మట్టి, గోడ పెయింటు పూయొద్దు, అవి తడిని లోపల మూసి పెడతాయి.

కోసిన తర్వాత

మామిడికి, జామకు కత్తిరించిన వారంలో చెట్టు నీడ అంచు వెంట గాడి తీసి మూడు నాలుగు తట్టల మాగిన పశువుల ఎరువు వేయండి. మొదలుకు ఆనించి వేయకండి, ఎరువు అందుకునే వేళ్లు అంచునే ఉంటాయి.

మూడు నాలుగు వారాలకు కోసిన చోట ఐదారు ఇగుర్లు ఒక్కచోటే లేస్తాయి. అన్నీ ఉంచితే మళ్లీ గుబురే. బయటి వైపు తిరిగిన బలమైనవి రెండు మూడు ఉంచి, మిగతావి లేతగా ఉన్నప్పుడే గిల్లేయండి. మామిడి లేత ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు తెగి నేల మీద రాలి ఉంటే అది ఆకు కత్తిరించే పెంకు పురుగు పని. రాలిన ముక్కల్లోనే దాని గుడ్లు ఉంటాయి కాబట్టి ఏరోజుకారోజు ఊడ్చి తగలబెట్టండి.

మా వంటింట్లో గోడ క్యాలెండర్ మీద కత్తెర పట్టిన రోజు "క" అని, ఇగురు కనిపించిన రోజు "ఇ" అని, తొలి పూత చూసిన రోజు "పూ" అని పెన్సిల్‌తో రాస్తాను. ఏడాది తిరిగాక ఆ కాగితాలు పారేయను, మేకుకు కింద గుచ్చి ఉంచుతాను. మా బంగినపల్లికి "క" ఎప్పుడూ ఆరుద్ర, పునర్వసు కార్తెల మధ్యే ఉంటోంది. మీ నేల, మీ ఊరి వాన వేరు కాబట్టి మీ తేదీ వారం పది రోజులు అటూ ఇటూ ఉండొచ్చు. రెండేళ్లు రాస్తే మీకే తెలిసిపోతుంది.